ఏనుగులకు ఎల్లలున్నవా?

మదనపల్లె చెంత నేడు హార్స్లీ హిల్స్ అని వ్యవహరింపబడు కొండకు పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మను ఏనుగులే సాకినవని ఐతిహ్యము. నేడు మూడు రాష్ట్రముల కూడలియైన కుప్పము ప్రాంతమున ఏనుగు పేరు వినిన రైతునకు కంటికి కునుకు రాదు.

1980వ దశకమున పొరుగు రాష్ట్రముల అరణ్యముల నుండి ఏనుగులు ఇటు తరలివచ్చినవి. 1990లో కౌండిన్య అభయారణ్య మేర్పడినది. 2024 సెప్టెంబరులో ఆంధ్ర, కర్ణాటక ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనినవి. 2025 మే నెలలో శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగులు మనకు లభించినవి. సంతోషమే. కాని కుంకీ మందను తరుమగలదు, మేపజాలదు. అడవిలో మేతయు నీరును కఱవైనచో తరుమబడిన మంద మరల మన చెఱకుతోటకే వచ్చును. లేదా పొరుగు రాష్ట్రపు రైతు చేనిపై పడును.

ఆఫ్రికాలో అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వేలు స్వతంత్ర రాజ్యములయ్యు, 2011లో సంధి చేసికొని ఎల్లలు దాటు వన్యమృగముల త్రోవలను ఉమ్మడిగా కాపాడ పూనినవి. ఒకే దేశమునందలి మూడు అటవీశాఖలకు ఇది అసాధ్యమా? మూటికిని ఒకే ప్రణాళిక కావలెను. అందు రైతునకును చోటుండవలెను. పంట నష్టమునకు పరిహారము సకాలమున అందనిచో అడవి యతనికి పగయగును. రైతును పగచేసికొని అడవిని నిలుపుట ఏ ప్రభుత్వము తరమును గాదు.