పార్కుకు మనిషి కావాలి

టోవా పాయో తెలుగు ఇరుగుపొరుగుకు విన్నపం



ఎండ తగ్గాక లోరోంగ్ 6 వైపు టౌన్ పార్కులోకి ఒకసారి వెళ్లి చూడండి. తెలుగు మాట చెవిన పడకుండా బయటికి రాలేరు. మనవల్ని చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు కొలను మీది వంతెన దగ్గర కూర్చుని వీసా గడువుల గురించి, బీపీ మాత్రల గురించి, కొడుకూ కోడలూ ఇంటికొచ్చే వేళల గురించి చెప్పుకుంటూ ఉంటారు. పదమూడో అంతస్తు ఫ్లాటులో పగలంతా గడిపిన మనిషికి ఆ గంటసేపే ప్రాణం లేచొస్తుంది. టికెట్ లేదు. గేటు దగ్గర ఆపి ఎవరని అడిగేవాళ్లు లేరు. అందుకే పార్కు మనదే అనుకుంటాం. అది ఎవరి డబ్బుతో నడుస్తోందో, ఎవరి చేతుల మీదుగా నడుస్తోందో అడగడం మాత్రం మనకు అలవాటు లేదు.

ఈ కాగితం ఆ అలవాటు చేయడానికే. అడగదలచినది ముందే చెప్పేస్తాం. టౌన్ పార్కూ, బ్లాకుల మధ్యనున్న చెట్టూచేమా ప్రజల డబ్బుతోనే నడవాలి, దాతల దయ మీద కాదు. ఒకే చోటును ఏళ్ల తరబడి చూసుకునే మనుషులు ఉండాలి. పని కాంట్రాక్టుకు ఇచ్చినా సరే, ఏ పార్కులో ఎంతమంది, రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నారో పార్కు బోర్డు మీదే రాసిపెట్టాలి.

టోవా పాయోకు పార్కు కొత్త సంగతి కాదు. ఈ టౌన్ పార్కు 1970ల నాటిది. అప్పట్లో కొత్త దంపతులు పెళ్లిబట్టల్లో ఇక్కడికొచ్చి వెదుళ్ల పక్కన, కొలను గట్టున ఫోటోలు తీయించుకునేవాళ్లు. 1973లో ఆగ్నేయాసియా ద్వీపకల్ప క్రీడలు జరిగినప్పుడు క్రీడాకారులకు బస ఇచ్చింది ఈ టోవా పాయో ఫ్లాట్లలోనే. పార్కులోని ఎత్తయిన వ్యూయింగ్ టవర్‌ను ఇప్పుడు వారసత్వ కట్టడంగా కాపాడుతున్నారు. హెచ్‌డీబీ డిజైనర్ ఖోర్ ఈన్ ఘీ పిల్లల ఆటస్థలం కోసం 1979లో గీసిన మొజాయిక్ పలకల డ్రాగన్ కూడా, చుట్టూ ఊరు ఎంత మారినా, అలాగే నిలిచి ఉంది. సంతోషమే. అయితే టవరూ డ్రాగనూ కాంక్రీటువి. ఏడాదికోసారి చూసినా నిలబడతాయి. వెదురుపొద అలా నిలబడదు. కొలను నీళ్లు అసలే నిలబడవు. వాటికి మనిషి కావాలి, అదీ రోజూ.

సింగపూర్‌కు ఈ సంగతి తెలియక కాదు. 1963 జూన్ 16న లీ క్వాన్ యూ ఫారర్ సర్కస్ దగ్గర మెంపాట్ మొక్క నాటినప్పటి నుంచి ఈ దేశం చెట్లు నాటుతూనే ఉంది. 1971లో చెట్లు నాటే దినం మొదలైంది. 2020లో ఉద్యమం మొదలుపెట్టినప్పుడు పెట్టుకున్న లక్ష్యం పదేళ్లలో పది లక్షల చెట్లు. కానీ ఇక్కడి గొప్పతనం నాటడంలో లేదు. నాటిన వాటిని జనం తొక్కడం, మొక్కలు ఎత్తుకుపోవడం మొదట్లోనే చూశారు. చూసి, నాటాక బాగోగులు చూడటానికే వేరుగా మనుషుల్ని పెట్టారు. ఆ పని చేతులు మారుతూ చివరికి 1996లో నేషనల్ పార్క్స్ బోర్డు (ఎన్‌పార్క్స్) కిందికి వచ్చింది. చాంగీ విమానాశ్రయంలో దిగి టాక్సీలో వస్తూ మనవాళ్లు అబ్బురపడే ఆ పచ్చదనం వెనక ఉన్నది ఈ జీతాల పద్దే. ఆ పద్దు చల్లగా ఉన్నంతకాలం పార్కూ చల్లగా ఉంటుంది.

ఆ మనుషులు లేకపోతే ఎలా ఉంటుందో మనం ఒకసారి చూశాం కూడా. 2020 ఏప్రిల్ 7న కరోనా కట్టడికి సర్క్యూట్ బ్రేకర్ మొదలైంది. గడ్డి కోసేవాళ్లు, కొమ్మలు కొట్టేవాళ్లు చాలామంది వలస కార్మికులే. డార్మిటరీల్లో కరోనా పాకడంతో వాళ్లను లోపలే ఉంచేశారు. కొన్ని వారాల్లోనే రోడ్డు పక్క గడ్డి పిల్లల నడుము దాకా వచ్చింది. కొందరికి అది ముచ్చటేసింది. పేరు తెలియని పూలు పూశాయి, సీతాకోకచిలుకలు వచ్చాయి, కోయకుండా వదిలేయండని విన్నవించినవాళ్లూ ఉన్నారు. మాకూ నచ్చింది, అబద్ధమెందుకు. అక్కడక్కడా గడ్డిని దాని మానాన వదిలేయడం మంచి ఆలోచనే. కానీ ఏ జాగా వదలాలి, ఏది కోయాలి అన్నది కూడా పని తెలిసిన మనిషి తేల్చాల్సిందే కదా! అదే ఏడాది డెంగీ కేసులు 35,000 దాటాయి, అప్పటిదాకా ఎన్నడూ లేనన్ని. గడ్డి వల్లే అని మేం అనడం లేదు, ఆ దోమ ఎక్కువగా ఇళ్లలోనే పుడుతుంది. అయినా రాలిన ఆకు దొప్పలో, కొట్టేసిన వెదురు బుంగలో, ఆకులు అడ్డుపడ్డ కాలువలో నిలిచే గుక్కెడు నీళ్లు కూడా దానికి చాలు. ఆ గుక్కెడు నీళ్లను వంచి పారబోసేది ఎవరు?

చెట్ల సంగతి ఇంకా బరువైనది. 2017 ఫిబ్రవరి 11న బొటానిక్ గార్డెన్స్‌లో 270 ఏళ్లు దాటిన టెంబూసు చెట్టు కూలి ఒక మహిళ చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో మార్సిలింగ్ పార్కులో చెట్టు పడి మరో మహిళ చనిపోయారు. ఆ టెంబూసును ఏడాదికి రెండుసార్లు పరీక్షిస్తూనే ఉన్నారు, అయినా చెట్టు మొదలు దగ్గర పుట్టిన కుళ్లు పైకి కనిపించలేదు. నిర్లక్ష్యమని వేలు చూపడానికి ఇది రాయడం లేదు. అంత జాగ్రత్తగా ఉన్నచోటే ఇలా జరిగితే, చూసే కళ్లు తగ్గించుకునే స్థోమత ఏ ఊరికీ లేదని చెప్పడానికి రాస్తున్నాం.

ఇక డబ్బు సంగతి. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, మీ బ్లాకు కింద ఉన్న వేపచెట్టుకూ, టౌన్ పార్కులోని చెట్టుకూ యజమాని ఒకరు కాదు. టౌన్ పార్కు, కల్లాంగ్ నది వెంట సాగే పార్క్ కనెక్టర్, రోడ్డు పక్క వాన చెట్లు ఎన్‌పార్క్స్‌వి. వాటికి డబ్బు జాతీయ బడ్జెట్‌లోంచి వస్తుంది. బ్లాకుల మధ్య గడ్డి, పూలమడులు, పిల్లల ఆటస్థలం టౌన్ కౌన్సిల్‌వి. వాటికి డబ్బు మనం నెలనెలా కట్టే సర్వీస్ అండ్ కన్సర్వెన్సీ చార్జీల నుంచి, ప్రభుత్వ గ్రాంటు నుంచి వస్తుంది. లిఫ్టు బాగుచేతా, దీపాలూ, ఊడ్పూ అన్నీ ఆ సంచిలోంచే. లిఫ్టు ఆగితే పది నిమిషాల్లో ఫోన్లు మోగుతాయి. చెట్టు ఎండితే మోగవు. అందుకే అడిగేవాళ్లు లేని పచ్చదనం ఏ పద్దులోనైనా చివర నిలబడుతుంది.

“మేం అద్దెకుంటున్నాం, ఆ చార్జీలు ఓనరు కడతాడు” అంటారా? ఓనరు తన జేబులోంచి కడుతున్నాడని నమ్ముతున్నారా! అద్దెలో అదీ ఉంది.

మన ఊళ్ల వైపు చూడండి. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం పట్టణాల బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే వార్డు సభ్యుడి పదవికే ఎసరు పెట్టింది. అమలు ఎలా ఉందో అక్కడి మీ బంధువులే చెప్పాలి. కానీ నాటిన లెక్క కాకుండా బతికిన లెక్క అడిగిన చట్టం అది, ఆ ఆలోచన గట్టిది. అదే రాష్ట్ర రాజధానిలో మరో దారి కూడా ఉంది. లుంబినీ పార్కుకు టికెట్, ఎన్టీఆర్ గార్డెన్స్‌కు టికెట్, సంజీవయ్య పార్కుకు టికెట్, కేబీఆర్ పార్కులో నడిచేవాళ్లకు పాసులు. పార్కు తన ఖర్చు తానే సంపాదించుకోవాలి అన్న మాట ఒకసారి మొదలైతే గేటు వస్తుంది, గేటు వెనక ఫుడ్ కోర్టు వస్తుంది, పదిమంది పిల్లలున్న ఇల్లు బయటే ఆగిపోతుంది. న్యూయార్క్ 1970ల్లో దివాలా అంచుకు వెళ్లినప్పుడు పార్కుల సిబ్బందికి కోత పడింది. సెంట్రల్ పార్క్ పాడుబడింది. 1980లో చుట్టుపక్కల ఉన్నవాళ్లు కన్జర్వెన్సీ పెట్టి, చందాలు పోగుచేసి దాన్ని నిలబెట్టారు. గొప్ప పనే. కానీ ధనవంతుల మేడల పక్కనున్న పార్కుకు దొరికినంత తేలిగ్గా బ్రాంక్స్‌లోని పార్కుకు దాతలు దొరకరు. మన టోవా పాయో మేడల పేట కాదు. ఇక్కడి పార్కు దాత కోసం ఎదురుచూసే రోజు రాకూడదు.

పని చేసేవాళ్ల గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ కాగితానికి అర్థం లేదు. 2016 నుంచి ల్యాండ్‌స్కేప్ కంపెనీలు ప్రోగ్రెసివ్ వేజ్ పద్ధతిలో, నైపుణ్యం పెరిగేకొద్దీ పెరిగే కనీస జీతం ఇవ్వాలి. ఇది పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకు మాత్రమే. వర్క్ పర్మిట్ మీద వచ్చిన తమ్ముడికి ఆ మెట్లు లేవు. ఉదయం ఏడింటికే లారీ వెనక కూర్చుని వచ్చి గడ్డి మిషన్ భుజాన వేసుకునే ఆ మనిషి తమిళనాడు వాడో, బంగ్లాదేశ్ వాడో, ఒక్కోసారి మన జిల్లా వాడో కూడా. పనిలో అతను నేర్చుకున్నదానికి విలువ కట్టే నిచ్చెన ఒకటి ఉండాలని అడగడం తప్పు కాదు. కాంట్రాక్టు మారినప్పుడల్లా మనుషులు మారితే, ఏ చెట్టు ఎటు వంగుతోందో, ఏ మూల వాననీరు నిలుస్తుందో తెలిసిన జ్ఞాపకం కూడా లారీ ఎక్కి వెళ్లిపోతుంది. ఎండ సంగతి కూడా చూడాలి. 2023 అక్టోబరు నుంచి ఇక్కడ నియమం ఉంది. వేడి, ఉక్క కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రత 32 డిగ్రీలకు చేరితే, బయట బరువు పని చేసేవాళ్లకు గంటకు కనీసం 10 నిమిషాలు, 33కు చేరితే 15 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. కాబట్టి చెట్టు కింద కూర్చున్న కార్మికుడి ఫోటో తీసి “చూడండి వీళ్ల పని” అని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అతను నియమం పాటిస్తున్నాడు. వీలైతే మంచినీళ్ల సీసా ఇచ్చి పేరు అడగండి.

మనలో చాలామందికి తోటపని ఇష్టం. కమ్యూనిటీ ఇన్ బ్లూమ్ తోటల్లో గోంగూర, బీరపాదు, కరివేపాకు పెంచుతున్నవాళ్లు ఉన్నారు, ఇంకా చేరండి. పిల్లల పుట్టినరోజుకు మొక్క నాటించండి. కానీ ఆదివారం రెండు గంటల సేవ, సోమవారం ఎనిమిది గంటల జీతానికి బదులు కాదు. ఎక్కడైనా స్వచ్ఛంద సేవకుల్ని చూపించి ఉద్యోగం తగ్గిస్తే ఆ సేవ మనం చేయకపోవడమే మేలు.

ఏం చేయాలి మరి? ధర్నాలు, ఊరేగింపులు కావు. ఇక్కడి చట్టం వేరు, పర్మిట్ లేకుండా గుమిగూడి నినాదాలు చేయకూడదు. హైదరాబాద్‌లో ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్ ఉంది. 2017లో మూసేస్తే 2018లో హైకోర్టు తెరిపించింది. ఇక్కడ దానికి దగ్గరగా ఉన్నది హాంగ్ లిమ్ పార్కులోని స్పీకర్స్ కార్నర్. విచిత్రం ఏమిటంటే అక్కడ నిరసనకు పేరు నమోదు చేసుకోవాల్సింది ఎన్‌పార్క్స్ దగ్గరే. అది కూడా సింగపూర్ పౌరులకే. పాసు మీద ఉన్నవాళ్లు ఆ జోలికి వెళ్లకండి.

మనకు కావలసింది ఉత్తరం. సింగపూర్ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. బడ్జెట్ ఫిబ్రవరిలో చదువుతారు, ఆ తర్వాత పార్లమెంటులో శాఖల వారీగా ఖర్చుల మీద చర్చ జరుగుతుంది. బడ్జెట్‌కు ముందు రీచ్ అనే ప్రభుత్వ విభాగం ద్వారా ప్రజల అభిప్రాయాలు తీసుకుంటారు. కాబట్టి సంక్రాంతి లోపు రాస్తే పని జరుగుతుంది, ఉగాదికి రాస్తే వచ్చే ఏడాదికే. పౌరులు, పీఆర్లు మీ ఎంపీ మీట్ ద పీపుల్ సెషన్‌కు వెళ్లి ఉత్తరం చేతికివ్వండి. పాసు మీద ఉన్నవాళ్లు ఇక్కడి నివాసిగా టౌన్ కౌన్సిల్‌కు, ఎన్‌పార్క్స్‌కు రాయండి. విరిగిన కొమ్మ, నిలిచిన నీరు, పగిలిన పలక కనిపిస్తే వన్‌సర్వీస్ యాప్‌లో ఫోటోతో పెట్టండి. అది ఎవరి పరిధిలోదో చూసి యాప్‌వాళ్లే పంపుతారు, మీరు వెతకక్కర్లేదు.

ఉత్తరంలో ఇంతే రాయండి, ఇంగ్లీషులో, మీ సొంత మాటల్లో: “నేను టోవా పాయో నివాసిని. మా ఇంట్లో ఫలానావాళ్లు టౌన్ పార్కును రోజూ వాడతారు. ఈ పార్కు నిర్వహణకు వచ్చే ఏడాది ఎంత కేటాయిస్తున్నారు? అందులో జీతాలకు ఎంత? ఇక్కడ రోజూ ఎంతమంది పని చేస్తారు? ఆ సంఖ్యను పార్కు బోర్డు మీద పెట్టగలరా? కాంట్రాక్టు మారినా అదే మనుషుల్ని కొనసాగించే షరతు పెట్టగలరా? పని నేర్చిన వర్క్ పర్మిట్ కార్మికుడికీ జీతం పెరిగే దారి చూపగలరా?”

తిట్లు వద్దు, పొగడ్తలు వద్దు. పాతిక మంది ఒకే ఉత్తరాన్ని కాపీ కొట్టి పంపితే ఒక్క ఉత్తరంగానే లెక్కలోకి రావచ్చు, అందుకే మీ అమ్మగారి మోకాలి నొప్పి గురించైనా సరే, మీ ఇంటి సంగతి ఒకటి కలపండి. కింద పేరు, బ్లాకు నంబరు, ఆరంకెల పోస్టల్ కోడ్ మరచిపోకండి. అవి లేని ఉత్తరానికి జవాబు రావడం కష్టం.

ఇట్లు,
టోవా పాయోలో ఉంటున్న కొందరు తెలుగువాళ్లం