అన్న వచ్చేసరికి లెక్క సిద్ధం

రాజంపేట ప్రాంతంలో, పని కోసం వెళ్లే కువైట్ మాట వినబడని ఊరు అరుదు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో ఇళ్లకు చేర్చారు. అన్న ఎప్పుడొస్తాడో, చెల్లెలు ఎలా ఉందోనని ఎదురుచూడటం ఇక్కడివాళ్లకు కొత్త కాదు.

తోబుట్టువు రాక కోసం ఆశగా చూసే కవిత్వానికి దగ్గర్లోనే ఒక చిరునామా ఉంది. కడప దారిలోని ఒంటిమిట్ట కోదండరామాలయం బాగుకోసం టెంకాయ చిప్ప పట్టి విరాళాలు అడిగిన వావిలికొలను సుబ్బారావు, వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ‘ఆంధ్ర వాల్మీకి’ అనిపించుకున్నారు. అందులో భరతుడి ఘట్టాలను విడిగా చదవాలి.

పద్నాలుగేళ్ల గడువు నిండిన మర్నాడు అన్న కనబడకపోతే అగ్నిలో దూకుతానన్న తమ్ముడతను. అయినా ఏడుస్తూ కూర్చోలేదు. అన్న పాదుకలను సింహాసనం మీద పెట్టి, నందిగ్రామం నుంచి రాజ్యం నడిపాడు. రాముడు ముందుగా హనుమంతుణ్ణి పంపాడు. కబురు విని పొంగిపోయినవాడే, అన్న జాడ కాస్త ఆలస్యమయ్యేసరికి ఇది కోతి చాపల్యం కాదు కదా అని అడిగేశాడు! ఆశలోని ఆ కంగారును దాచకపోవడమే వాల్మీకి గొప్పతనం.

రాముడు వచ్చాక ఆయన పాదాలకు ఆ పాదుకలు తొడిగి, ఖజానా, ధాన్యపు కొట్లు, సైన్యం పదింతలయ్యాయని అన్నకు లెక్క అప్పజెప్పాడు. విరహగీతాల్లో ఇంత పనిమంతుడు దొరకడం కష్టం.