చక్రాలు సారువి, కేసు డ్రైవర్ మీద

మా అక్క కొడుకు హైదరాబాద్‌ల ఒక సారు కాడ కారు డ్రైవర్‌గ చేస్తడు. పోయిన నెల ఒకనాడు పొద్దుగాల ఫోన్ చేసిండు. "మామా, సారు కారుకు కొత్త చక్రాలు ఎక్కిస్తుండ్రు. ఎనుకవి మస్తు ఎడల్పున్నయి. నాకెందుకో గుబులైతుంది. నువ్వు టైర్ల పని చేసినోనివి గదా, జర వచ్చి చూడు" అన్నడు.

నేను ఇంటర్ నడుమల ఆపేసి ఆరేండ్లు టైర్ల దుకాణంల పంచర్లు ఏసినోన్ని. నాకు లెక్కలు వచ్చినయంటే టైరు పక్కన రాసుండే అంకెలు చదువుకుంటనే వచ్చినయి. అందుకే పోయిన.

ఇది పైసలున్నోళ్ల సోకు, మనకెందుకని మీరు అనుకోవచ్చు. నేనూ మొదలు అట్లనే అనుకున్న. కానీ ఆ బండి ఉరికేది మనం రోడ్డు దాటే తొవ్వ మీదనే. దాన్ని నడిపేది నెల జీతానికి పనిచేసే పోరడు. చక్రం బిగించేది ఇంకో జీతగాడు. అందుకే ఈ ముచ్చట మనదిగూడ.

ముందటి రెండు చక్రాలు సన్నగ, ఎనుకటి రెండు ఎడల్పుగ పెట్టుడును 'స్టాగర్డ్ సెటప్' అంటరు. ఇదేం వింత కాదు. ట్రాక్టర్‌ను చూడుండ్రి. బలం పోయేది ఎనుక చక్రాలకు, మట్టిని పట్టుకోవాల్సింది అవే, అందుకే అవి పెద్దగుంటయి. స్పోర్ట్స్ సెడాన్‌ల గూడ ఇంచుమించు అదే లెక్క. ఇంజను బలం ఎక్కువ ఎనుకకు పోయే బండ్లల్ల ఆక్సిలరేటర్ గట్టిగ తొక్కితే ఎనుక టైరు జారొద్దు. ఇంకో కారణం గూడ ఉన్నది. మలుపు కాడ వేగం ఎక్కువైతే ఎనుక భాగం కంటె ముందు భాగమే మొదలు జారుతది. మామూలు డ్రైవర్‌కు అది సులువు. కాలు తీసేస్తే బండి మల్ల దారికొస్తది. ఎనుక భాగం జారితే బండి గిర్రున తిరుగుతది, దాన్ని పట్టుకునుడు అందరికీ రాదు.

అంటే స్టాగర్డ్ చక్రాలు తప్పు కాదు. లెక్క లేకుండ పెట్టుడు తప్పు.

సారుది బీఎండబ్ల్యూ ఎం340ఐ. మన దేశంల చెన్నైల బిగించే బండి. కంపెనీ ఇచ్చిన చక్రాలే స్టాగర్డ్. ముందు 225/45 ఆర్18, ఎనుక 255/40 ఆర్18. ఇందుల మొదటి అంకె టైరు ఎడల్పు, మిల్లీమీటర్లల్ల. రెండోది టైరు గోడ ఎత్తు, ఎడల్పుల నూటికి ఎంతో చెప్తది. మూడోది రిమ్ము సైజు, అంగుళాలల్ల. కాయితం మీద లెక్క వేస్తే ముందు టైరు మొత్తం ఎత్తు 659.7 మిల్లీమీటర్లు, ఎనుకది 661.2. ఎడల్పుల 30 మిల్లీమీటర్ల తేడా ఉన్నా ఎత్తుల తేడా ఒకటిన్నర మిల్లీమీటరే. ఎనుక ఎడల్పు పెంచిన కంపెనీ గోడను 45 నుంచి 40కి ఎందుకు తగ్గించిందో ఇప్పుడు సమజైతది.

దుకాణపాయన ఎనుకకు తీసి పెట్టింది 275/40 ఆర్18. "సారు, ఎనుక నుంచి చూస్తే బండి పులి లెక్క కనబడతది" అన్నడు. నేను బిల్లు ఎనుక లెక్క ఏసిన. దాని ఎత్తు 677.2 మిల్లీమీటర్లు. ముందటిదానికి 17.5 తేడా. అంటే బండి 100 కిలోమీటర్లు పోతే ముందు చక్రం ఎనుక చక్రం కంటె సుమారు 1,250 సార్లు ఎక్కువ తిరుగాలె.

ఈ బండిల బలం నాలుగు చక్రాలకూ పోతది. ముందుకూ ఎనుకకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసుల క్లచ్ ప్లేట్లు ఉంటయి. రెండు దిక్కులా వేగం తేడా ఉంటే అవి సక్కటి రోడ్డు మీద గూడ రాసుకుంటనే ఉంటయి, వేడెక్కుతయి, అరుగుతయి. నాలుగు చక్రాలకు బలం పోయే ట్రాక్టర్‌కు ముందటి టైర్లు ఇష్టమొచ్చిన సైజు ఏస్తే గేర్ల మీద భారం పడుతదని మన ఊరి మెకానిక్కు గూడ ఎరుకే. ఇక్కడ ఇంకోటి గూడ ఉన్నది. ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ అనేటివి చక్రాల వేగాలు పోల్చుకుని ఏది జారుతుందో కనిపెడతయి. చక్రాల ఎత్తుల నిష్పత్తే మారితే ఆ కంప్యూటర్‌కు మనం తప్పుడు లెక్క ఇచ్చినట్టు.

ఇగ రిమ్ము సంగతి. కంపెనీ ఇచ్చిన ఎనుక టైరు మీద సైజు పక్కన 99 అని ఉన్నది. ఆ టైరు 775 కిలోల దాక మోస్తదని దాని అర్థం. మరి రిమ్ము ఎంత మోస్తది? మంచి రిమ్ము మీద ఆ బరువు అచ్చు గుద్ది ఉంటది. నేను ఈ రిమ్మును బోర్లేసి చూసిన. సైజు తప్ప ఏం లేదు. నడుమ బొక్క గూడ సరిపోలె. ఈ బండి హబ్బు 66.6 మిల్లీమీటర్లు, రిమ్ము బొక్క 73.1. నడుమల ప్లాస్టిక్ రింగు పెడతమన్నరు. రింగు పెట్టుడు తప్పు కాదు, కానీ కొలత సరిగ్గ ఉండాలె, రిమ్ము ఎవలో పరీక్ష చేసినదై ఉండాలె. "కాయితం ఏమన్న ఉన్నదా?" అని అడిగిన. "అన్నా, పదేండ్ల సంది అమ్ముతున్నం, ఎవలూ అడగలె" అన్నడు.

ఆయన అబద్ధం చెప్పలె. నిజంగనే ఎవలూ అడగలేదు.

బిగించే పోరనికి ఇరువై ఏండ్లు గూడ ఉండయి. గాలి గన్నుతోని బోల్టులు ఏసుడే వానికి నేర్పిండ్రు. ఈ బండికి ఒక్కో బోల్టు 140 న్యూటన్ మీటర్ల బిగువు ఉండాలె. దాన్ని కొలిచే టార్క్ రెంచి ఆ దుకాణంల లేదు. రేపు చక్రం ఊడితే "పోరడు సరిగ్గ బిగించలె" అంటరు. రెంచి కొనియ్యనోని పేరు ఎవలూ తియ్యరు.

ఇప్పుడు చట్టం కాడికి వస్త. మోటారు వాహనాల చట్టం 1988ల సెక్షన్ 52 ఉన్నది. ఆర్సీల ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు అని దాని సారం. 2019 జనవరిల కేరళ నుంచి పోయిన కేసుల సుప్రీంకోర్టు గూడ అదే మాట గట్టిగ చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించి సెక్షన్ 182ఏ పెట్టిండ్రు. అనుమతి లేకుండ బండిని మార్చిన ఓనర్‌కు ఆరు నెలల దాక జైలు, లేకుంటే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేకుంటే రెండూ.

మనకు తెలిసింది ఇంతే. ఎందుకంటె మనమీద పడేది ఇదే. కానీ అదే సెక్షన్‌ల ఇంకో ముక్క ఉన్నది. భద్రతకు ముఖ్యమైనయని కేంద్రం నోటిఫై చేసిన భాగాలను రూల్స్‌కు విరుద్ధంగ అమ్మినోళ్లకు ఏడాది దాక జైలు, లేకుంటే ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా. అంటే చట్టం రాసినోళ్లకు అమ్మేటోని బాధ్యత ఎక్కువని తెలుసు. మరి తనిఖీలు ఎక్కడ జరుగుతున్నయి? రోడ్డు మీద. సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కిచ్చే ఫొటోలు పేపర్లల్ల చూస్తనే ఉన్నం. అవే సైలెన్సర్లు అమ్మిన దుకాణాలు మర్నాడు పొద్దుగాల షెట్టర్ లేపుతనే ఉంటయి.

ఇంకో లోపం ఉన్నది. సీఎన్‌జీ కిట్టు పెట్టుకోవాలంటే చట్టంల ఒక తొవ్వ ఉన్నది. ఆమోదం ఉన్న కిట్టు పెట్టించుకుని ఆర్సీల ఎక్కించుకోవచ్చు. చక్రాలకు అసొంటి సాఫ్ తొవ్వ నాకు కనబడలె. జర్మనీల బయటి చక్రాలు పెట్టుడు నేరం కాదు. కానీ ఆ చక్రానికి ఆమోద పత్రం ఉండాలె. ఏ బండికి ఏ టైరుతోని సరిపోతదో అందుల రాసి ఉంటది. అవసరమైతే ట్యూవ్ అసొంటి సంస్థ కాడికి పోయి చూపించి కాయితం తెచ్చుకోవాలె. జపాన్‌ల రిమ్ముల మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు ఉంటయి. మన దగ్గర గూడ రిమ్ములకు ఐఎస్ 16192 అని ప్రమాణం ఉన్నది. కానీ ప్రమాణం పుస్తకంల ఉంటే సాలదు. దుకాణంల రిమ్ము బోర్లేసిననాడు కనబడాలె.

ఇప్పుడు మా అల్లుని గుబులు సంగతి. చక్రం మార్చినందుకు కేసైతే అది ఓనర్ మీద. కానీ రేపు టైరు పగిలి బండి ఎవలి మీదికన్న పోతే? భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యంతోని చావుకు కారణమైతే ఐదేండ్ల దాక జైలు. పోలీసులు మొదలు అడిగేది "బండి నడిపిందెవలు?" అనే. ఔటర్ రింగు రోడ్డు మీద 120 వేగం దాక అనుమతి ఉన్నది. ఆ వేగంల ఎనుక చక్రం పగిలితే పోరనికి చెప్పుకునే టైం గూడ దొరకదు. బతికి బయటపడితే, చక్రాలు సారు పెట్టిచ్చిండని నిరూపించుకునుడు వాని మెడకే. మార్పు సంగతి ముందుగాల చెప్పకపోతే ఇన్సూరెన్సోళ్లు పేచీ పెడతరు. అది గూడ తిరిగి తిరిగి చనిపోయినోళ్ల ఇంటి మీదికే వస్తది.

నేను అడిగేది బండ్లకు సోకులు బందు చెయ్యమని కాదు. నాకు గూడ మంచి చక్రం చూస్తే ముచ్చటైతది. అడిగేది మూడు. ఒకటి, రిమ్ము అమ్మే ప్రతి బిల్లు మీద సైజు, ఆఫ్‌సెట్, మోసే బరువు, ప్రమాణం గుర్తు రాసియ్యాలె. రెండు, పరీక్ష చేసిన చక్రాన్ని తగిన బండికి పెట్టుకునేటందుకు సీఎన్‌జీ కిట్టు లెక్క ఒక కాయితం తొవ్వ పెట్టాలె. తొవ్వ లేకుంటే దొంగతొవ్వే మిగులుతది. మూడు, రవాణా శాఖోళ్లు రోడ్డు మీద నిలబడ్డంత సేపు దుకాణాలల్ల గూడ నిలబడాలె.

డ్రైవర్ తమ్ముళ్లకు ఒక మాట. మీరు నడిపే బండికి చక్రాలు మారిస్తే టైరు మీది అంకెలు, రిమ్ము లోపలి దిక్కు ఫొటో తీసి పెట్టుకోండ్రి. డ్రైవర్ తలుపు కాడ కంపెనీ స్టిక్కర్ ఉంటది, దాంట్ల ఉన్న సైజులతోని పోల్చి చూడుండ్రి. తేడా ఉంటే నోటితోని చెప్పి ఊకోకుండ్రి, సారుకు వాట్సాప్‌ల రాసి పంపుండ్రి. మర్యాదగనే రాయుండ్రి. ఆ మెసేజే రేపు మీకు సాక్ష్యమైతది.

ఆనాడు సారు నా లెక్క విన్నడు. మంచోడే. "నాకు ఇది ఎవలూ చెప్పలేదు" అని పాత చక్రాలే మల్ల బిగిచ్చుకుని పోయిండు. మా అల్లుని మొఖంల జీవం వచ్చింది. నేను బయటికి వస్తుంటె ఆ 275 టైర్లు, పేరులేని రిమ్ములు మల్ల రాక్ మీద పెడుతుండ్రు. అవి ఇంకో బండికి ఎక్కుతయి. ఆ బండి డ్రైవర్‌కు టైర్ల పని చేసిన మామ ఉంటడో ఉండడో. అందుకే ఈ లెక్క చూసుకునే పని సర్కారుది కావాలె అంటున్న.