ఆ చివరి పేజీ ఎవరు రాశారు?

సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా ఇదే తంతు. బడి బస్సు దిగిన పిల్లాడు పుస్తకాల ముందు కూర్చుంటే లేచేసరికి రాత్రి పది. నిద్రకు తూలుతుంటే చివరి పేజీ అమ్మే రాసిపెడుతుంది. ఇక వాడికి ఏది రాలేదో టీచర్‌కి తెలిసేదెలా?

రాసిపెట్టకండి. ఏ సబ్జెక్టుకు ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఆగిపోయాడో వారంపాటు డైరీలో గుర్తుపెట్టండి. బడి వదిలాక తీరిగ్గా టీచర్‌కి చూపించండి, ఫిర్యాదులా కాకుండా. లెక్కల టీచర్ ఎంతిచ్చారో సైన్స్ టీచర్‌కి తెలియకపోవచ్చు! కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి వరకు హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదు వరకు వారానికి 2 గంటలు చాలంది.

'పదిసార్లకు బదులు రెండుసార్లు రాయించి, మీకు అప్పజెప్పించనా మేడమ్?' అని అడిగి చూడండి.