విమానం మీద మన ఊరి పేరు

ఒకటికి డెబ్బై రెండు. స్కేల్ మోడల్ పెట్టెల మీద తరచుగా కనిపించే ఈ నిష్పత్తిని చాలామంది పట్టించుకోరు. లెక్క మాత్రం తేలిక. ఆరడుగులంటే డెబ్బై రెండు అంగుళాలు. కనుక ఈ కొలతలో ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళమవుతాడు. యాభై ఆరడుగుల రెక్కలు గల బాంబర్ విమానం జానెడు పొడవుకు దిగివస్తుంది. అంత పెద్ద యంత్రాన్ని ఇంత చిన్నదిగా చేసి బల్ల మీద నిలబెట్టినప్పుడు, దానితో పాటు దాని చరిత్ర కూడా చిన్నదైపోయినట్లు కొందరికి అనిపిస్తుంది. ఈ నెల మేము రాయదలచింది ఆ విషయమే.

హైదరాబాదులో ఉండే మా ఆపా కుమారుడు ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం పరీక్షలు ముగించుకుని, దాచుకున్న ఈదీ డబ్బులతో ఒక కిట్ కొన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు బ్రిస్టల్ బ్లెనిమ్ నాలుగవ నమూనా విమానం అది. నాలుగు ఇంజన్ల లాంకాస్టర్లు, అమెరికా వారి భారీ బాంబర్లు దొరుకుతుండగా రెండు ఇంజన్ల ఈ చిన్న విమానాన్ని ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, "మామూ, దీన్ని నడిపిన స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖంలో వెలుగు చూడవలసిందే. మా ఆపా మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "మనుషులను చంపే యంత్రం నా ఇంట్లో దేనికి?" అన్నారు. వాడి గర్వానికీ, ఆమె ప్రశ్నకూ మధ్య మేము రెండు వారాలు కూర్చున్నాము.

ముందు పని సంగతి చెబుతాము, ఎందుకంటే ఈ పని గురించి తెలియనివారు ఇది అట్టపెట్టె తెరిచి ముక్కలు అతికించడమే అనుకుంటారు. ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు సన్నని కాడలతో అంటుకుని వస్తాయి. అచ్చులోంచి ఊడివచ్చేందుకు పూసిన జిడ్డు వాటి మీద మిగిలి ఉంటుంది. సబ్బునీటితో కడిగి ఆరబెట్టకపోతే రంగు నిలవదు. ఏ ముక్కనూ చేత్తో తుంచరాదు. కాడను కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొనను బ్లేడుతో చెక్కి, ఉప్పు కాగితంతో నునుపు చేయాలి. జిగురు విషయంలో తొందర పనికిరాదు. ప్లాస్టిక్ జిగురు పైన అంటుకునేది కాదు, ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. వాడు మొదటి రోజే రెక్క మీద బొటనవేలి ముద్ర వేశాడు. దాన్ని చెరపడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ తరువాత అత్తరు సీసాలోని గాజు పుల్లతో బొట్టు బొట్టుగా అద్దడం నేర్చుకున్నాడు. సీసా ఖాళీదే. అయినా ఆ గదిలో ఊద్ వాసన, జిగురు వాసన కలిసి ఒక వింత పరిమళం తయారైంది.

లోపలి నుండి బయటికి కట్టుకురావడం ఈ పనిలోని నియమం. పైలట్ గది గోడలకు, కుర్చీకి, చక్రాల కడ్డీకి ముందే రంగు వేయాలి. రెండు సగాలు మూసిన తరువాత అక్కడికి కుంచె పోదు. బయటికి కనిపించని చోట కూడా రంగు వేయడమెందుకని వాడు ఒకసారి విసుక్కున్నాడు. అయినా వేశాడు.

బ్లెనిమ్‌లో అసలు కష్టం ముక్కు. మొదటి నమూనాలో ముక్కు పొట్టిగా ఉండేది. నాలుగవ నమూనాలో దారి చూపే నావిగేటర్‌కు చోటు కోసం దాన్ని ముందుకు సాగదీశారు. సాగదీసిన ముక్కు పైలట్ చూపుకు అడ్డం వచ్చింది. అందువల్ల ఎడమవైపు పైభాగాన్ని లోపలికి పల్లంగా కోశారు. ఎదురుగా నిలిచి చూస్తే ఆ ముఖం ఒకవైపు వంగినట్లు, వంకరగా ఉంటుంది. దాని నిండా గాజు పలకలే. ప్రతి పలక మీద మాస్కింగ్ టేపును దాని ఆకారానికే కోసి అంటించి, నడుమనున్న సన్నని చట్రాలకు మాత్రమే రంగు వేయాలి. ఈ ముక్కు మీద నాలుగు రోజులు గడిచాయి. గాజు ముక్కలకు ప్లాస్టిక్ జిగురు వాడితే దాని ఆవిరికి గాజు మసకబారుతుంది. ఇంట్లో ఉండే ఫెవికాల్ చాలు, ఆరితే తెల్లదనం పోయి కనిపించకుండా ఉంటుంది.

కిట్‌లో పైలట్ బొమ్మలు కూడా వచ్చాయి. ఇవి పెట్టవచ్చునా అని వాడు అడిగాడు. పాఠకుల ఇళ్ళలోనూ ఈ ప్రశ్న తప్పక వస్తుంది. బొమ్మలు చేసి బతికే వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లనూ, ప్రాణం లేని వస్తువులనూ చేసుకోమని సలహా ఇచ్చిన సంగతి ప్రసిద్ధం. విమానం ప్రాణం లేనిదే, దానిలో చర్చకు తావు లేదు. పిల్లల ఆట వస్తువుల విషయంలో ఉలమాలలో చాలామంది సడలింపు చూపారు. హజ్రత్ ఆయిషా (రజి) ఆట వస్తువుల నడుమ రెక్కల గుర్రం ఒకటి ఉండటం, దాని గురించి ఆమె చెప్పిన జవాబుకు దైవప్రవక్త (స) నవ్వడం హదీసు గ్రంథాలలో ఉన్నదే. మేము ఆ రెండూ చెప్పి నిర్ణయం వాడికే వదిలాము. చక్రాలు దించి, నేల మీద ఆగి ఉన్న విమానంగా చూపుతున్నాను కనుక కుర్చీలు ఖాళీగా ఉండటమే సరైనదని వాడు తేల్చుకున్నాడు. మా సమాధానం కంటే అది మెరుగ్గా ఉంది.

బాంబుల అర తలుపుల వద్ద పని రెండవసారి ఆగింది. వాటిని మూసి అతికించాలా, తెరిచి పెట్టాలా? నిజమైన బ్లెనిమ్‌లో ఆ తలుపులను తెరవడానికి మోటారు లేదు, మీట లేదు. సాగే తాళ్ళు వాటిని మూసి ఉంచేవి. బాంబును వదలగానే దాని బరువే తలుపును తోసుకుని బయట పడేది. వెంటనే తాళ్ళు తలుపును మళ్ళీ లాగేసేవి. తలుపు తోసుకునేంత ఆలస్యం బాంబు బాంబుకూ కొంత మారుతుంది కనుక గురి కూడా ఆ మేరకు తప్పేది. ఇది చదివి వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "అంటే మామూ, గాలిలో ఈ తలుపు తెరుచుకుందంటే ఆ క్షణాన బాంబు జారుతోందన్నమాటే" అన్నాడు. తలుపులను మూసి అతికించాడు. వాడు ఆ యంత్రాన్ని బాగా అర్థం చేసుకున్న రోజు అదేనని మా అభిప్రాయం.

ఇక పేరు సంగతి. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధపు చివరి నెలల్లో, 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ అనే బాంబర్ విమానాలను సమకూర్చే ఖర్చును నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భరించారు. ఇది నిజాం కానుక అని ఆ విమానాల పక్కభాగాన స్పష్టంగా రాశారు. స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ చేరింది, తరువాత దాని చిహ్నంలోకి పులి వచ్చింది. ఆ విమానాలలో ఒకటి నేటికీ ఉంది. 1918 అక్టోబరులో జర్మన్ల చేత చిక్కి, బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకు నిలిచి, రెండవ యుద్ధకాలంలో పోలండుకు చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు మారుగా లండన్‌లోని వైమానిక దళ మ్యూజియానికి వచ్చింది. దాని మీద 'హైదరాబాద్ 12ఎ' అని ఉంటుంది.

ఇంతవరకు మేనల్లుడు ముందే చదివాడు. తక్కినది మేము చెప్పాము. ఆ యుద్ధంలో ఉస్మానియా ఖిలాఫత్ జర్మనీ పక్షాన ఉంది. భారత ముస్లిములు బ్రిటిష్ వారి పట్ల విధేయంగా ఉండాలని 1914లోనే నిజాం కోరారు. 1918లో ఆయనకు 'ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు లభించింది. కానుక సొమ్ము ఎక్కడిది? తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు చెల్లించిన శిస్తు మీద నడిచిన సంస్థానం అది. ఆ విమానాలు జర్మనీ పట్టణాలలోని కర్మాగారాల మీద, రైల్వే కేంద్రాల మీద పట్టపగలు బాంబులు వేశాయి. స్క్వాడ్రన్ కూడా కొద్ది వారాలలోనే భారీగా నష్టపోయింది. యుద్ధం ముగిశాక అదే రకం విమానాలను, నిజాం ఇచ్చినవి కాకపోయినా అదే రకంవాటిని, బ్రిటిష్ వారు 1920లలో ఇరాక్ తెగల మీద ప్రయోగించారు. నిజాం ఆసుపత్రులు, విశ్వవిద్యాలయం కట్టించిన పాలకుడు. వాటిని చెప్పుకునే నోరు దీన్ని కూడా చెప్పాలి. పిల్లలకు పూర్వీకుల చరిత్రను సగం చేసి ఇవ్వడం మాకు నచ్చదు.

బ్లెనిమ్ పుట్టుక కూడా ఒక కానుకతోనే ముడిపడి ఉండటం విచిత్రం. లార్డ్ రోథర్‌మియర్ అనే పత్రికాధిపతి తన ప్రయాణాల కోసం వేగమైన విమానం చేయించాడు. 1935 ఏప్రిల్‌లో ఎగిరిన ఆ విమానం నాటి బ్రిటిష్ యుద్ధ విమానాల కంటే వేగంగా పోయింది. ఆయన దాన్ని దేశానికి ఇచ్చేశాడు. దాని నుండే బ్లెనిమ్ వచ్చింది. నాలుగేళ్ళు తిరిగేసరికి జర్మన్ మెసర్‌ష్మిట్ల ముందు ఆ వేగం ఏ మూలకూ చాలలేదు.

యుద్ధం ప్రకటించిన మరునాడు, 1939 సెప్టెంబరు 4న, ఇంగ్లండులోని వాటిషమ్ స్థావరం నుండి 110, 107 స్క్వాడ్రన్ల బ్లెనిమ్‌లు పది బయలుదేరి, విల్‌హెల్మ్స్‌హాఫెన్ సమీపంలో లంగరేసిన జర్మన్ యుద్ధ నౌకల మీద చాలా తక్కువ ఎత్తున దాడి చేశాయి. పౌరుల ప్రాణాలకు హాని కలగరాదన్నది ఆనాటి ఆజ్ఞ. నౌకలు తప్ప నేల మీది లక్ష్యాలను ముట్టుకోలేదు. అడ్మిరల్ షీర్ అనే నౌకకు తగిలిన బాంబులు పేలలేదు. ఒక బ్లెనిమ్ ఎమ్డెన్ అనే నౌక మీద కూలింది, అక్కడ నావికులు మరణించారు. పదింటిలో ఐదు తిరిగి రాలేదు. నాలుగు 107వ స్క్వాడ్రన్‌వి, ఒకటి మన ఊరి పేరు గలది. ఒక్కొక్క విమానంలో ముగ్గురు. పౌరులను తాకవద్దన్న ఆ ఆజ్ఞ ఎంతో కాలం నిలవలేదు. 1943లో హాంబర్గ్, 1945లో డ్రెస్డెన్ ఏమయ్యాయో లోకానికి తెలుసు.

ఇదంతా ఐరోపా గొడవ అనుకోనక్కరలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తలపైకెత్తి ఆకాశంలో విమానం చప్పుడు విని భయపడినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ ఏడాదే హైదరాబాద్ స్క్వాడ్రన్ కూడా బ్లెనిమ్‌లను వదిలి భారతదేశానికి వచ్చి, ఆ తరువాత బర్మా యుద్ధరంగంలో పోరాడింది.

రంగులు వేయడం హాయిగా సాగింది. పైభాగాన ముందు మట్టిరంగు, దాని మీద ముదురు ఆకుపచ్చ, వంకర అంచులతో. ఇంజన్ల తొమ్మిది సిలిండర్ల మీద దాదాపు ఎండిన కుంచెతో వెండిరంగు రాస్తే ఒక్కొక్క గీత పైకి తేలింది. నీటిలో తడిపి అంటించే ముద్రలకు ముందు మెరుపు పూత తప్పనిసరి. గరుకు రంగు మీద అంటిస్తే కింద గాలి చిక్కుకుని తెల్లగా మెరుస్తుంది. ముద్రలు ఆరాక మెరుపును చంపే పూత. ఇంజన్ల వెనుక పొగచార కోసం వాడు పెన్సిల్ బొగ్గుపొడి వాడాడు, కొంచెం ఎక్కువే వాడాడు.

ఆ ముద్రలలో హైదరాబాద్ పేరు లేదు. సన్నని కుంచెతో తానే పక్కభాగాన రాస్తానన్నాడు. మేము వద్దనలేదు. ఆ పేరును పక్కన రాసుకున్నవి 1918 నాటి విమానాలని, ఇది 1939 నాటిదని మాత్రం గుర్తు చేశాము. ఒక అంగుళంలో ఇరవయ్యో వంతు తేడాకు అలిగే మోడల్ పనివాడు ఇరవై ఒక్క ఏళ్ళ తేడాను ఎలా ఒప్పుకుంటాడు? వాడు రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగి, చివరికి టేకు చెక్క పీఠం మీద రాశాడు. బ్రిస్టల్ బ్లెనిమ్ 4. 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. వాటిషమ్, 4 సెప్టెంబరు 1939. వెళ్ళినవి పది, వచ్చినవి ఐదు.

ఆపా చదివారు. "ఓడ మీద చనిపోయినవాళ్ళ మాటేమిటి?" అన్నారు. వాడు కింద ఇంకొక గీత గీసి, ఎమ్డెన్ పేరు చేర్చాడు. అక్షరాలు పట్టక ఆ వరుస కాస్త వంకరపోయింది.

విమానం ఇప్పుడు గాజు అలమారలో, ఆపా చీనీ పింగాణీ గిన్నెల పక్కన ఉంది. ఆమెకు అది ఇంకా నచ్చలేదు, అయినా శుక్రవారం దుమ్ము తుడిచేటప్పుడు మరొకరి చేతికి ఇవ్వరు. మేనల్లుడు తదుపరి డి.హెచ్.9ఎ కడతానంటున్నాడు. దానికి పైనొక రెక్క, కిందొక రెక్క, నడుమ లెక్కలేనన్ని తీగలు. ఆ తీగల కోసం తల్లి జర్దోజీ డబ్బాలోంచి అతి సన్నని నూలు అప్పుడే మాయమైంది.