నిండు పట్టికలు – మన ప్రయోగశాలలు

నేడు విద్యార్థి జీవితంలో వెబ్ అప్లికేషన్ ప్రమేయం లేని ఘట్టం దాదాపు లేదంటే అతిశయోక్తి కాదు. ప్రవేశానికి దరఖాస్తు, పరీక్ష రుసుము, హాల్ టికెట్, ఉపకార వేతనం, ఫలితాలు – అన్నింటికీ ద్వారం అదే. అటువంటి అప్లికేషన్లను నిర్మించడం మన కంప్యూటర్ విభాగంలో శ్రద్ధగానే బోధిస్తున్నారు. అందుకు మేము అధ్యాపకులకు కృతజ్ఞులం. కాని నిర్మించడం వేరు, నిర్మించినదానిని ఆపకుండా మార్చడం వేరు. ఈ రెండవ విద్య మన పాఠాలలో లేదు. ఈ లోటును కళాశాల కమిటీ పెద్దల దృష్టికి, తోటి విద్యార్థుల దృష్టికి తేవడమే మా ఉద్దేశం.

మన ప్రయోగశాలలో డేటాబేస్ అంటే ఐదారు నమోదులున్న పట్టిక. అందులో ఒక కాలమ్ చేర్చవలసి వస్తే ఏం చేస్తున్నాము? పట్టికను తొలగించి, కొత్త ఆకృతిలో మళ్లీ సృష్టించి, ఆ ఐదారు పేర్లనూ తిరిగి టైపు చేస్తున్నాము. మార్కులు వస్తాయి, రికార్డు పుస్తకంలో సంతకం పడుతుంది. కాని నిజమైన కార్యాలయపు పట్టికలో లక్షల నమోదులుంటాయి. ఒక్కొక్క నమోదు వెనుక ఒక మనిషి ఉంటాడు. గడువు చివరి రాత్రి పన్నెండు గంటలకు కూడా ఎక్కడో ఒక విద్యార్థిని సెల్‌ఫోనులో దరఖాస్తు నింపుతూనే ఉంటుంది. ఆ పట్టికను కొట్టివేసి మళ్లీ రాద్దామంటే ఎవరు ఒప్పుకుంటారు?

డేటాబేస్ ఆకృతిని క్రమపద్ధతిలో మార్చే పనిని మైగ్రేషన్ అంటున్నారు. ఆ మాటకు వలస అని అర్థం. ఇక్కడ వలసపోయేది సమాచారపు అమరిక. ప్రతి మార్పునూ ఒక చిన్న ఫైలుగా రాసి, దానికి క్రమసంఖ్యనో తేదీనో ఇచ్చి, ప్రోగ్రాముతో పాటే భద్రపరుస్తారు. రూబీ ఆన్ రైల్స్ ఈ పద్ధతికి విశేష ప్రచారం తెచ్చింది. జాంగోలో 2014 నాటి 1.7 సంచికతో ఇది అంతర్భాగమైంది. పరికరాలు ఇంత సులభమైనందువల్లనే ఒక భ్రమ వ్యాపించింది. ఆజ్ఞ ఇస్తే చాలు, పని అయిపోతుందని విద్యార్థులు నమ్ముతున్నారు. ఏం మార్చాలో పరికరానికి తెలుసు. జనం వాడుతుండగా ఆ మార్పు క్షేమమా కాదా అన్నది దానికి తెలియదు.

ఒక ఉదాహరణ చెప్పవలసి ఉంది. మన కళాశాలల్లో విరివిగా వాడే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌నే తీసుకుందాం. పట్టిక ఆకృతిని మార్చే ఆజ్ఞలలో చాలావాటికి ఆ పట్టికపై సంపూర్ణమైన తాళం కావాలి. ఆ తాళం ఉన్నంతసేపు మరొకరు రాయడం మాట అటుంచి, చదవడానికి కూడా వీలుండదు. తాళం క్షణంలో విడుదలైతే చిక్కు లేదు. కాని అదే సమయంలో ఏదో పెద్ద నివేదిక కోసం ఎవరో ఆ పట్టికను పది నిమిషాలుగా చదువుతున్నారనుకోండి. మన ఆజ్ఞ ఆ చదువు ముగిసేదాకా క్యూలో నిలుస్తుంది. దాని వెనుక వచ్చిన ప్రతి అభ్యర్థనా, కేవలం ఒక పేరు చూడవచ్చినది కూడా, ఆగిపోతుంది. ఒక్క సెకనులో ముగియవలసిన మార్పు మొత్తం వెబ్‌సైటును పది నిమిషాలు స్తంభింపజేస్తుంది. ఖాళీ పట్టికపై ఇది ఎన్నడూ కనబడదు. లాక్ టైమౌట్ అనే గడువును రెండు మూడు సెకన్లకు పెట్టి, తాళం దొరకకపోతే వెనుదిరిగి మళ్లీ ప్రయత్నించడం దీనికి సులభమైన విరుగుడు. ఈ ఒక్క వాక్యం మన ప్రయోగ పుస్తకంలో ఉంటే ఎంత బాగుండేది!

ఇటువంటి సూక్ష్మాలు సంచికనుబట్టి మారుతుంటాయి కూడా. నిర్ణీత విలువతో కొత్త కాలమ్ చేర్చితే 2018లో వచ్చిన 11వ సంచికకు ముందు పట్టిక అంతా తిరిగి రాయబడేది. ఆ తరువాత, ఆ విలువ స్థిరమైనదైతే, ఆ అవసరం పోయింది. ఇండెక్స్‌ను మామూలుగా నిర్మిస్తే అది పూర్తయ్యేవరకు పట్టికలో రాతలు నిలిచిపోతాయి. కంకరెంట్లీ అనే పదం జోడిస్తే నిలవవు గాని, సమయం ఎక్కువ పడుతుంది. మధ్యలో విఫలమైతే పనికిరాని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దానిని చేతితో తొలగించాలి.

అయితే తాళాల కంటె గొప్ప విషయం మరొకటి ఉంది. అది పాతకొత్తల సహజీవనం. మన హైదరాబాదు పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. హాలీ సిక్కా ఎట్లా నిష్క్రమించిందో స్మరించండి. 1950లో భారత రూపాయి ఇక్కడ హాలీ రూపాయి పక్కన చలామణిలోకి వచ్చింది. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు లెక్క. 1951లో హాలీ రూపాయల జారీ ఆగింది. చెల్లుబాటు మాత్రం 1959 వరకు రద్దు కాలేదు. కొత్తదానిని ముందు తెచ్చారు, పాతదానిని జారీ చేయడం తరువాత మానారు, దాని చెల్లుబాటును అన్నింటికంటె చివర తీసివేశారు. ఒక తెల్లవారుజామున పాత నాణెం చెల్లదని చాటి ఉంటే బజారులో బియ్యం కొనుక్కునేవాని గతి ఏమై ఉండేదో ఊహించుకోవచ్చు.

డేటాబేస్‌లోనూ సరిగ్గా ఇదే క్రమం. ఒక కళాశాల పట్టికలో ఫోన్ అనే ఒకే గడిలో విద్యార్థి నంబరు, తండ్రి నంబరు కామాతో కలిపి రాశారనుకుందాం. వాటిని విడదీయాలి. తొందరపడేవాడు పాత గడిని తీసి రెండు కొత్త గడులు పెడతాడు. ఆ క్షణాన పాత ప్రోగ్రాము ఇంకా నడుస్తున్న సర్వర్లన్నీ, లేని గడిని వెదుకుతూ కూలిపోతాయి. వివేకి ముందుగా కొత్త గడులను ఖాళీగా చేర్చుతాడు. పిదప ప్రోగ్రామును పాత గడిలోను, కొత్త గడులలోను కూడా రాసేటట్లు మార్చుతాడు. పాత నమోదులను వెయ్యేసి చొప్పున, మధ్య మధ్య ఊపిరి తీసుకుంటూ, కొత్త గడుల్లోకి నకలు చేయిస్తాడు. రెండింటినీ సరిపోల్చి చూసుకున్నాక చదవడాన్ని కొత్తవైపు మళ్లిస్తాడు. పాత గడిని తొలగించడం కొన్ని రోజుల తరువాతి మాట. కామాకు బదులు గీతతో విడదీసినవి, నంబరు స్థానంలో తండ్రి పేరు రాసినవి, ఒక అంకె తగ్గినవి ఈ నకలు దశలోనే బయటపడతాయి. వాటిని యంత్రానికి వదలక మనిషి చూడవలసిందే.

ఈ నకలు పనిని ఎవరు చేస్తారు? ఎవరూ బటన్ నొక్కి ఎదుట కూర్చోరు. తెర వెనుక నడిచే బ్యాక్‌గ్రౌండ్ జాబ్ చేస్తుంది. మనం దరఖాస్తు సమర్పించగానే అందినట్లు తెరపై ఒక వాక్యం వస్తుంది. ఆ తరువాత జరగవలసిన ఎస్ఎంఎస్, ఈమెయిల్, పీడీఎఫ్ రసీదు అన్నీ ఒక క్యూలో చేరి, వర్కర్ అనే మరో ప్రోగ్రాము తీరిక చూసుకుని చేస్తుంది. ఇది లేకపోతే ప్రతి విద్యార్థీ ఎస్ఎంఎస్ వెళ్లేదాకా తెరవైపు చూస్తూ కూర్చోవాలి. సదుపాయం గొప్పదే. కాని ఎవరూ చూడని చోట జరిగే పని గనుక, తప్పు జరిగినా ఎవరికీ తెలియదు.

ఇక్కడ మన పాఠాలలో వినబడని నియమం ఒకటుంది. వర్కర్ పని ముగించి, ముగించినట్లు చెప్పబోయే ముందు కరెంటు పోతే, క్యూ ఆ పనిని మళ్లీ ఇస్తుంది. అనగా ఒక పని రెండుమార్లు జరిగే అవకాశం ఎల్లప్పుడూ ఉంది. ఎస్ఎంఎస్ రెండుసార్లు వెళితే నవ్వుకుంటాము. పరీక్ష రుసుము రెండుసార్లు ఖాతాలోంచి పోతే ఆ ఇంట నవ్వు ఉండదు. అందుచేత ప్రతి చెల్లింపునకు ఒక విశిష్ట సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య ఇదివరకే ఉంటే రెండవసారి ఏమీ చేయకుండా వెనుదిరిగేటట్లు రాయాలి. మైగ్రేషన్‌తో దీనికి గల బంధుత్వం కూడా గుర్తుంచుకోవాలి. నిన్నటి ప్రోగ్రాము క్యూలో వేసిన పనిని నేటి ప్రోగ్రాము చేపట్టవచ్చు. నిన్నటి పనికి కావలసిన గడిని నేడు తీసివేస్తే అది అక్కడే విఫలమవుతుంది. గడిని తొలగించే ముందు క్యూ ఖాళీ అయిందో లేదో చూసేవారు ఎందరు?

ఈ మాటలు కేవలం పుస్తక జ్ఞానం కావని చెప్పడానికి గిట్‌ల్యాబ్ సంస్థ తానే ప్రకటించిన వృత్తాంతం ఒకటి చాలు. 2017 జనవరి 31న వారి డేటాబేస్‌పై భారం పెరిగింది. అందుకు కారణాలలో ఒకటి, పొరపాటున తొలగింపునకు గురైన ఒక ఉద్యోగి ఖాతాను సమాచారంతో సహా తుడిచివేస్తున్న బ్యాక్‌గ్రౌండ్ జాబ్. ఆ భారం వల్ల ప్రతిబింబపు సర్వర్ వెనుకబడింది. దానిని సరిచేయబోయిన ఇంజనీరు, ప్రతిబింబమనుకుని అసలు సర్వర్‌లోని ఫైళ్లను తొలగించారు. ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలాయి. సరే, ప్రతిరోజూ నకలు తీసే జాబ్ ఉన్నది కదా అని చూస్తే, అది కొంతకాలంగా విఫలమవుతూనే ఉంది. డేటాబేస్ 9.6 సంచిక, నకలు తీసే పరికరం 9.2 సంచిక. వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు వెళ్లాయి గాని, సరైన ధ్రువీకరణ లేనందున మెయిల్ సర్వర్ వాటిని తిరస్కరించింది. ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి మిగిలినది దక్కింది. అయినా సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలకు సంబంధించిన మార్పులు పోయాయి. ఇది ఆ ఇంజనీరును నిందించడానికి చెప్పడం లేదు. అలసిన మనిషి ఎవరైనా ఆ పొరపాటు చేయగలడు. నకలు తీసే జాబ్ విఫలమైనట్లు ఎవరికీ వినబడకపోవడమే మమ్ములను ఎక్కువ కలవరపెట్టింది.

మరుసటి సంవత్సరం, 2018 అక్టోబరు 21న, గిట్‌హబ్‌లో 43 సెకన్ల పాటు సంబంధం తెగినందుకు సేవ కుదుటపడడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఆలోగా క్యూలో 50 లక్షలకు పైగా సందేశాలు పేరుకుపోయాయి. వాటిలో దాదాపు 2 లక్షలు గడువు తీరి రాలిపోయాయి. క్యూలో వేశాము గనుక భద్రం అనుకునేవారు ఈ అంకెను గమనింతురు గాక.

ఇవన్నీ ఉద్యోగంలో చేరాక సంస్థలే నేర్పుతాయి గదా అని కొందరు మిత్రులు అంటున్నారు. మేము అంగీకరించము. పెద్ద సంస్థలకు వెళ్లేవారు కొందరే. మిగిలినవారు చిన్న ఆసుపత్రులకు, పాఠశాలలకు, సహకార సంఘాలకు, బహుశా ఈ కళాశాలకే, ఒంటిచేతితో అప్లికేషన్లు నడపబోతున్నారు. వారికి తప్పు దిద్దే సీనియర్ ఎవరూ పక్కన ఉండరు. ఆటో నడిపే తండ్రి కొడుకు ఉపకార వేతన దరఖాస్తు తెర వెనుక క్యూలో నిలిచిపోయి, గడువు దాటాక బయటపడితే, ఆ కుర్రవానికి ఒక విద్యా సంవత్సరమే పోతుంది. తెరపై అందినట్లు చూసుకున్నానని అతడు చెప్పినా ఆధారమేమిటని అడుగుతారు.

కమిటీ పెద్దలను మేము కోరేది కొత్త భవనం కాదు, నిధులు కూడా కావు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉచితం. అందులోని జనరేట్ సిరీస్ అనే ఫంక్షన్‌తో, ఇప్పుడున్న పాత కంప్యూటర్లలో కూడా పది లక్షల కల్పిత నమోదులు కొద్దిసేపట్లో సృష్టించవచ్చు. చివరి సంవత్సరపు ప్రాజెక్టు పరీక్షలో రెండు అంశాలు చేర్చితే చాలు. నిండు పట్టికపై, మరొక విద్యార్థి దానిని వాడుతూ ఉండగా, ఒక కాలమ్‌ను ఆపకుండా విడదీసి చూపడం మొదటిది. వర్కర్‌ను పరీక్షకుడు పని మధ్యలో చంపివేసిన తరువాత, రుసుము ఒకేసారి జమ అయిందని లెక్కతో నిరూపించడం రెండవది. నకలు ప్రతినుంచి డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టే అభ్యాసం కూడా ప్రతి సెమిస్టరులో ఒక శనివారం మధ్యాహ్నం పెట్టుకోవచ్చు. ప్రయోగశాల తాళంచెవి ఆ పూట మాకు ఇప్పిస్తే, నమోదులు నింపే పని మేమే చూసుకుంటాము.