ఇంటి కుండీలో గంజాయి: మొక్కకు ఒక శిక్ష, ఎండిన బరువుకు మరో శిక్ష
‘సొంత వాడకానికే’ అన్న వాదనకు చట్టంలో చోటు లేదు – తూకం, తేమ విషయాల్లో అధికారులు జాగ్రత్త వహించాల్సిన అవసరం

హైదరాబాద్: గంజాయి మొక్కను ఇంట్లోనే పెంచి, ప్రత్యేక పరికరాలేవీ లేకుండా ఇంట్లో ఉన్న సామాన్లతోనే ఆరబెట్టి, మాగబెట్టుకోవచ్చుననే సలహాలు విదేశాల నుంచి ఇక్కడి యువతకు చేరుతున్నాయి. అవి పుట్టిన దేశాల్లో వాటికి చట్టబద్ధమైన ఆధారం ఉంది. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి అమలవుతున్న ఫెడరల్ చట్టం ఇంటికి 4 మొక్కల వరకు అనుమతించింది. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి వయోజనులు 3 మొక్కల వరకు పెంచుకోవచ్చు. ఆ దేశాల్లో ఉంటున్న తెలుగువారికి అది అక్కడి చట్టానికి సంబంధించిన విషయం. చార్మినార్ పరిసరాల్లో మేడపై కుండీ పెట్టుకున్న వ్యక్తికి మాత్రం వర్తించేది 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదక ద్రవ్యాలు, మనోత్తేజక పదార్థాల చట్టమే. ఎన్‌డీపీఎస్ చట్టంగా వ్యవహరించే ఈ శాసనంలో ‘ఇంటి అవసరం’ అనే మినహాయింపు లేదు.

ఇంటి సాగు విషయంలో సాధారణ ప్రజల్లోనే కాక కొందరు విలేకరుల్లోనూ ఒక అపోహ నెలకొని ఉంది. కొనుగోలు చేయడం కంటే ఒకటి రెండు మొక్కలు పెంచుకోవడం చిన్న నేరమని వారు భావిస్తున్నారు. చట్టం లెక్క ఇందుకు భిన్నంగా ఉంది. 2001 అక్టోబరు 19 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం గంజాయికి స్వల్ప పరిమాణం 1 కిలో, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. స్వల్ప పరిమాణం కలిగి ఉన్న వ్యక్తికి గరిష్ఠంగా ఏడాది కఠిన కారాగారం లేదా రూ. 10 వేల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. సాగు విషయానికి వస్తే 20వ సెక్షన్ (ఎ) క్లాజులో పరిమాణాల విభజనే లేదు. మొక్క ఒకటైనా, ఎకరమంతా తోట అయినా పదేళ్ల వరకు కఠిన కారాగారం, రూ. 1 లక్ష వరకు జరిమానా విధించే అవకాశం ఉంది. కనీస శిక్ష నిర్దేశించనందున న్యాయస్థానానికి విచక్షణ మిగిలి ఉన్న మాట నిజమే. అయినప్పటికీ కుండీలోని మొక్కకు పదేళ్ల నేరం, పొట్లంలోని ఎండు గంజాయికి ఏడాది నేరం అన్న వ్యత్యాసం గమనార్హం.

మొక్క పూతకు రాలేదన్న వాదన కూడా సాగు నేరం నుంచి కాపాడలేదు. గంజాయి అంటే పూత లేదా కాయ పట్టిన కొమ్మల కొనలని చట్టం నిర్వచించింది. ఆ కొనలతో కలిసి లేని ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసే భంగును రాష్ట్ర ఎక్సైజ్ చట్టాలకు వదిలిపెట్టింది ఇందువల్లే. అయితే ‘గంజాయి మొక్క’ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనం వేరు. ఆ జాతికి చెందిన ఏ మొక్క అయినా, ఏ దశలో ఉన్నా అందులోకి వస్తుంది. ఇక పూతకొనలను మొక్క నుంచి వేరు చేయడాన్నే చట్టం ‘ఉత్పత్తి’గా పేర్కొంది. అంటే ఆరబెట్టే పని మొదలుకాక ముందే సాగు, ఉత్పత్తి అనే రెండు నేరాలు పూర్తవుతాయి. ఆరిన సరుకు ఇంట్లో ఉంటే కలిగి ఉండటం అనే మూడో నేరం వాటికి తోడవుతుంది.

అద్దెకు ఇచ్చిన ఇళ్ల యజమానులకు కూడా ఇందులో ప్రమేయం ఉంది. తన ఇంటిని ఇటువంటి పనికి వాడుతున్నారని తెలిసి కూడా అనుమతించిన యజమానికి 25వ సెక్షన్ అదే శిక్షను నిర్దేశిస్తోంది. 2017 మార్చిలో మణికొండలోని ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాటులో కుండీల్లో, కృత్రిమ కాంతి కింద గంజాయి పెంచుతున్న ఉదంతం బయటపడినప్పుడు ఇరుగుపొరుగు వారు ఆశ్చర్యపోవడం సహజమే. సెక్షన్ 25లో ‘తెలిసి’ అన్న మాట కీలకం కనుక తెలియని యజమాని భయపడనవసరం లేదు, తెలిసిన యజమాని మాత్రం చూసీచూడనట్లు ఊరుకోవడానికి వీల్లేదు.

పాతబస్తీ పరిస్థితి

ఇంటి సాగు వార్తల్లో ఆకర్షణీయంగా కనిపించినా పాతబస్తీ పరిసరాల అసలు సమస్య అది కాదు. చార్మినార్‌కు కొద్ది దూరంలో, పురానాపూల్ దాటగానే వచ్చే ధూల్‌పేటలో గంజాయి పండదు. ఆంధ్ర – ఒడిశా సరిహద్దు కొండల్లో పండి, అక్కడే ఎండి, గట్టిగా అదిమిన ప్యాకెట్లుగా నగరానికి చేరుతుంది. ఇక్కడి ఇళ్లలో జరిగేది దాన్ని చిన్న పొట్లాలుగా విడగొట్టడమే. వినాయక విగ్రహాల తయారీకి పేరొందిన ఈ ప్రాంతం ఒకప్పుడు గుడుంబాకు కూడా పేరు మోసింది. తెలంగాణ ఏర్పడిన తరువాత గుడుంబా నిర్మూలన చేపట్టి, ఆ వృత్తిని వదిలిన వారికి రూ. 2 లక్షల వరకు సాయంతో పునరావాస పథకాన్ని ప్రభుత్వం అమలు చేసింది. గుడుంబా తగ్గిన చోట కొంత కాలానికి గంజాయి పొట్లం వచ్చి చేరింది. ఈ నేపథ్యంలో 2024 జులైలో ఎక్సైజ్ శాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట’ చేపట్టి, ఆగస్టు 31ని గడువుగా పెట్టుకుని ముమ్మరంగా సోదాలు నిర్వహించింది. గడువులు సిబ్బందిని కదిలించడానికి ఉపకరిస్తాయి. సరఫరా మార్గం తెరిచి ఉన్నంత కాలం ఒక పేటపై మాత్రమే దృష్టి నిలపడం వల్ల వ్యాపారం పక్క వీధికి మారుతుందన్న విషయాన్ని కూడా గుర్తుంచుకోవాలి. అక్కడి కుటుంబాలన్నింటినీ ఒకే గాటన కట్టి రాసే వార్తలు విగ్రహాలు చేసుకుని బతికే వారికి అన్యాయం చేస్తున్నాయి.

సరఫరా మూలం వద్ద జరిగిన పనికి కొలత పెద్దది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021 చివరలో ప్రారంభించిన ‘ఆపరేషన్ పరివర్తన’లో అప్పటి విశాఖ ఏజెన్సీలో 7 వేల ఎకరాలకు పైగా తోటలను ధ్వంసం చేశారు. స్వాధీనం చేసుకున్న సుమారు 2 లక్షల కిలోల సరుకును 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద తగులబెట్టారు. తెలంగాణలో 2022లో ఏర్పాటైన మాదక ద్రవ్యాల నిరోధక విభాగం 2025 జూన్ 26 నుంచి ‘ఈగల్’ పేరుతో పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పేరుతో మరో విభాగం ఉన్నందున వార్తలు రాసేవారు ఏ రాష్ట్రపు ఈగల్ అన్నది స్పష్టం చేయడం మంచిది.

తడి బరువు, పొడి బరువు

ఆరబెట్టడమనే ప్రక్రియ నిందితుడి కంటే ఎక్కువగా దర్యాప్తు అధికారికి సంబంధించిన సమస్య అని చెప్పవచ్చు. పచ్చి మొక్కలో అధిక భాగం నీరే. ఎండిన తరువాత బరువు నాలుగో వంతుకో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు 25 కిలోలు తూగిన పూతకొమ్మలు ఎండితే 5, 6 కిలోలకు మించకపోవచ్చు. మొదటి అంకె వాణిజ్య పరిమాణం కాగా రెండోది అందులో మూడో వంతైనా కాదు. వాణిజ్య పరిమాణమైతే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్ల శిక్ష, రూ. 1 లక్ష నుంచి రూ. 2 లక్షల జరిమానా ఉంటాయి. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుక కారణాలు ఉన్నాయని న్యాయస్థానం భావిస్తే తప్ప 37వ సెక్షన్ ప్రకారం బెయిలు దొరకదు. అంతకు తక్కువైతే ఈ రెండు నిబంధనలూ వర్తించవు. కేవలం సాగు నేరానికి కూడా 37వ సెక్షన్ కఠిన షరతులు లేవన్నది ఇక్కడ పేర్కొనవలసిన మరో అంశం. ఒక మనిషి విచారణ ముగిసేదాకా జైల్లో ఉండటమా, ఇంటికి వెళ్లడమా అన్నది ఆ విధంగా తూకం వేసిన రోజు కొమ్మలో ఎంత నీరు ఉందన్న దానిపై ఆధారపడే పరిస్థితి ఏర్పడుతోంది.

కొనుగోలు కేంద్రానికి రైతు ధాన్యం తెస్తే తేమ 17 శాతం మించిందా లేదా అని యంత్రం పెట్టి చూస్తారు. మిర్చి యార్డులో కాయను చేత్తో నలిపి తేమ చెబుతారు. పొగాకును బ్యారన్‌లో ఎండబెట్టి, మాగిన ఆకునే వేలానికి పెడతారు. ఇన్ని పంటలకు తేమ లెక్క ఉన్న చోట గంజాయికి మాత్రం చట్టంలో గానీ నోటిఫికేషన్‌లో గానీ తేమ ప్రస్తావన లేదు. బ్రిటిష్ పాలనలో బెంగాల్‌లోని నౌగావ్ వద్ద లైసెన్సుతో గంజాయి పండించిన కాలంలో పంట కోత, ఎండబెట్టడం, నిల్వ ఎక్సైజ్ అధికారుల పర్యవేక్షణలో సాగేవి. 1893-94 నాటి గంజాయి విచారణ సంఘం నివేదికలో ఆ వివరాలు ఉన్నాయి. అప్పుడు బరువు పన్నుకు ఆధారం కాగా ఇప్పుడు శిక్షకు ఆధారం.

కాండం, వేళ్లు, ముదురు ఆకులు అన్నీ కలిపి ఒకే మూటగా తూచి, మొత్తం అంకెను పంచనామాలో గంజాయి బరువుగా రాయడం తరచుగా జరిగే పొరపాటు. నిర్వచనంలోకి రాని భాగాలను వేరు చేయలేదన్న కారణంతో వివిధ హైకోర్టులు నిందితులకు బెయిలు మంజూరు చేసిన సందర్భాలు ఉన్నాయి. హీరాసింగ్ కేసులో 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ లోపాన్ని కప్పిపుచ్చదు. మాదక ద్రవ్యంలో కలిపిన ఇతర పదార్థం బరువును కూడా లెక్కించాలని చెప్పిన తీర్పు అది. వేరుగా ఉన్న కాడలు, వేళ్లు గంజాయి అవుతాయని ఆ తీర్పు చెప్పలేదు. సాగు కేసుల్లో పెంచినది నిందితుడేనని రుజువు చేయాల్సిన భారం కూడా దర్యాప్తు అధికారిపై ఉంటుంది. గింజ రాలి తనంతట తానే మొలిచే అవకాశాన్ని సుప్రీంకోర్టు 2004లో నివేదితమైన అలఖ్ రామ్ కేసులో పరిగణనలోకి తీసుకుంది. ఉమ్మడి మేడ, పలు కుటుంబాలు ఉండే పాతబస్తీ ఇళ్లలో ఎవరి కుండీ అన్న ప్రశ్న మొదటి రోజే తేల్చుకోవాల్సి ఉంటుంది.

సోదాల విషయంలో పాటించవలసినవి కొత్తవేమీ కావు. ఇంట్లో సోదాకు అందిన సమాచారాన్ని 42వ సెక్షన్ కింద రాతపూర్వకంగా నమోదు చేసి 72 గంటల్లోగా పై అధికారికి పంపాలి. సూర్యాస్తమయం తరువాత వారంటు లేకుండా ప్రవేశిస్తే అందుకు కారణాలు రాయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదా, స్వాధీనం ప్రక్రియలను దృశ్య, శ్రవణ రూపంలో చిత్రీకరించాలని ఆదేశిస్తోంది. పచ్చి మొక్క కేసుల్లో ఈ చిత్రీకరణ ఎంతో ఉపయోగపడుతుంది. మూడు వారాల తరువాత న్యాయస్థానం ముందు వాడిపోయి కనిపించే సరుకు స్వాధీనం నాడు ఎలా ఉందో చూపగలిగేది అదొక్కటే. మొక్కల సంఖ్య, పచ్చివా, వాడినవా, ఎండినవా అన్న స్థితి, పూతకొనల బరువు, మిగతా భాగాల బరువు విడివిడిగా పంచనామాలో ఉంటే తరువాతి తూకంలో వచ్చే తేడాకు సమాధానం అందులోనే దొరుకుతుంది.

ఆలస్యం వల్ల కలిగే నష్టం బరువుతో ఆగదు. తడి సరుకును ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఉంచితే, అందునా వానాకాలంలో, కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. మోహన్‌లాల్ కేసులో 2016 జనవరి 28న సుప్రీంకోర్టు మాల్‌ఖానాల దుస్థితిని తీవ్రంగా పరిగణించి, స్వాధీనం తరువాత జాప్యం లేకుండా 52ఎ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయాలని ఆదేశించింది. 2022 డిసెంబరులో కేంద్రం నోటిఫై చేసిన నియమాలు మేజిస్ట్రేటు సమక్షంలో నమూనాలు తీయడాన్ని, గంజాయికి ఒక్కో నమూనా 24 గ్రాములు ఉండటాన్ని, ప్రయోగశాల 15 రోజుల్లో నివేదిక ఇవ్వడాన్ని నిర్దేశించాయి. మేజిస్ట్రేటు ధ్రువీకరించిన జాబితా, ఫోటోలు, నమూనాలు ప్రాథమిక సాక్ష్యంగా చెల్లుతాయి కనుక మిగతా సరుకును ఏళ్ల తరబడి కాపలా కాయాల్సిన పని లేదు. ఉత్తరప్రదేశ్‌లోని మథురలో 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని 2022 నవంబరులో పోలీసులు కోర్టుకు చెప్పుకోవాల్సి వచ్చింది. అటువంటి వివరణ ఇచ్చే అవసరం మరే ఠాణాకూ రాకూడదంటే పై నియమాలు చాలు.

బూజు సంగతి వాడేవారికి కూడా వర్తిస్తుంది. ‘ఇంట్లో చేసుకున్నది స్వచ్ఛమైనది’ అన్న ప్రచారంలో వాస్తవం లేదు. సరిగా ఆరని సరుకులో పెరిగే ఆస్పర్జిల్లస్ జాతి బూజు పొగ ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరితే రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్న వారికి ప్రాణాపాయం కలగవచ్చు. ఐక్యరాజ్యసమితి మాదక ద్రవ్యాల సంఘం 2020 డిసెంబరు 2న 27 – 25 ఓట్లతో గంజాయిని అత్యంత కఠిన నాలుగో షెడ్యూలు నుంచి తొలగించింది. భారత్ అనుకూలంగా ఓటు వేసింది. దీన్ని గంజాయికి అనుమతిగా వర్ణిస్తూ వచ్చిన వార్తలు సరికాదు. అంతర్జాతీయ ఒప్పందపు మొదటి షెడ్యూలులో గంజాయి నేటికీ కొనసాగుతోంది. దేశీయ చట్టంలో ఆ ఓటు వల్ల మార్పేదీ రాలేదు.

వ్యసనానికి లోనైన వారి విషయంలో చట్టం కొంత మెత్తబడింది. స్వల్ప పరిమాణం లేదా వాడకం నేరం మోపబడిన వ్యసనపరుడు ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వచ్చి దాన్ని పూర్తి చేస్తే 64ఎ సెక్షన్ ప్రకారం ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. సాగు నేరానికి ఈ రక్షణ లేదు. కుండీ పెట్టుకున్న యువకుడు, పొట్లం కొన్న యువకుడు ఇద్దరూ వ్యసనపరులే అయినా చికిత్స దారి రెండో వానికే తెరిచి ఉంది. వ్యసన విముక్తి సలహాల కోసం 14446, సమాచారం ఇవ్వడానికి 2024 జులైలో ప్రారంభమైన జాతీయ హెల్ప్‌లైన్ 1933 నంబర్లు అందుబాటులో ఉన్నాయి.